క్యాన్సర్ జన్యు పరీక్షలు: చిన్న టెస్టా, పెద్ద ప్యానెలా, మొత్తం జీనోమా? ఎవరికి ఏది?

ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు చూసి డాక్టరు గారు ‘జన్యు పరీక్ష కూడా చేయిస్తే మంచిది’ అన్నారంటే ఇంట్లో కొత్త టెన్షన్ మొదలవుతుంది. శ్రీకాకుళం నుంచో, బొబ్బిలి నుంచో విశాఖ వెళ్లి వచ్చేసరికి చేతిలో రెండు మూడు ల్యాబుల కాగితాలుంటాయి. ఒకటి ఒక్క జన్యువే చూస్తానంటుంది. ఇంకోటి 300 పైచిలుకు జన్యువుల ప్యానెల్ అంటుంది. మూడోది మొత్తం డీఎన్‌ఏ చదివేస్తానంటుంది. ధర వేలల్లో మొదలై లక్ష దాటిపోతుంది. అప్పో సప్పో చేసి పెద్దదే చేయించేద్దాం అనుకునేవాళ్లే ఎక్కువ.

నేను డాక్టర్ని కాను, పిల్లలకి జంతుశాస్త్రం చెప్పుకునే మాస్టార్ని. బంధువులూ పాత విద్యార్థులూ ఇలాంటి కాగితాలు వాట్సాప్‌లో పంపి ‘ఏది చేయించమంటారు?’ అని అడుగుతుంటారు. మందు రాసేది డాక్టరే. ఆయన గదిలో కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడానికి మాత్రం ఇది పనికొస్తుంది.

ముందు ఒకటి తేల్చుకోవాలి. ఈ పరీక్షలన్నీ ఒకే ప్రశ్నకి చిన్న, పెద్ద జవాబులు కావు. ‘ఇప్పుడు ఏ మందు పనిచేస్తుంది?’ అన్నది ఒక ప్రశ్న. ‘ఈ కణాల డీఎన్‌ఏని ఇన్నాళ్లూ పాడుచేసింది ఏది?’ అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి చాలాసార్లు చిన్న టెస్టు చాలు. రెండోదానికే పెద్ద పరీక్ష కావాలి, కానీ ఆ జవాబు వల్ల చాలామందికి వైద్యం మారదు. మారేవి ముఖ్యంగా రెండు సందర్భాలు. ఆ రెండింటినీ గుర్తుపట్టడానికి కూడా మొత్తం జీనోమ్ చదవక్కర్లేదు.

మ్యుటేషన్ల తీరు అంటే ఏమిటి

మన డీఎన్‌ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలు: ఎ, టి, జి, సి. ఒక అక్షరం ఇంకో అక్షరంగా మారితే అది మ్యుటేషన్. జంటల లెక్కన చూస్తే ఈ మార్పులు ఆరు రకాలే. మారిన అక్షరానికి ఎడమవైపు ఏముంది, కుడివైపు ఏముంది అని కూడా కలిపితే 96 రకాలవుతాయి. ఒక గడ్డలోని మార్పులన్నిటినీ ఈ 96 గళ్లలో సర్దితే ఏ గడి నిండింది, ఏది ఖాళీగా ఉంది అన్న తీరు (ఇంగ్లీషులో సిగ్నేచర్) బయటపడుతుంది. పొగాకు పొగది ఒక తీరు: సి ఉన్నచోట ఎ వస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలది ఇంకొకటి: సి ఉన్నచోట టి, పక్కపక్కనే రెండు సి-లుంటే రెండూ టి-లు. వయసుతో పాటు ఎవరికైనా పేరుకునేది మరొకటి.

ఏనుగులు దిగే సీతంపేట వైపు రైతుకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే మడిలోకి వెళ్లి అడుగులు చూసి, రాత్రి పడింది ఆవులా, పందులా, ఏనుగులా అన్నది ఆయన చెప్పేస్తాడు. కానీ గట్టు మీద సగం చెరిగిన ఒక్క అడుగు చూపించి చెప్పమంటే చెప్పలేడు. మడంతా చూడాలి.

2013లో లుద్‌మిల్ అలెగ్జాండ్రోవ్, మైక్ స్ట్రాటన్ అనే శాస్త్రవేత్తలు, వారి సహచరులు 7,042 గడ్డల్లోని 49 లక్షల పైచిలుకు మ్యుటేషన్లను ఇలా గళ్లలో సర్ది, 20కి పైగా తీరులు ఉన్నాయని తేల్చారు. 2020కి ఒక్క అక్షరం మారే రకంలోనే 49 అయ్యాయి. రిపోర్టుల్లో ఎస్‌బీఎస్1, ఎస్‌బీఎస్3, ఎస్‌బీఎస్4 అని కనిపించేవి ఇవే. 1 వయసుది, 4 పొగతాగడానిది, 3 బీఆర్‌సీఏ లాంటి మరమ్మతు జన్యువులు చెడినప్పుడు వచ్చేది. నమిలే పొగాకుతో కలిసి కనిపించే 29వ నంబరుది మన దేశంలోని దవడ, చిగురు క్యాన్సర్లలో కనబడింది.

ఒక్క లెక్క చాలు

ల్యాబు ఏజెంటు ఎంత చెప్పినా ఈ లెక్క ఒకటి దగ్గర పెట్టుకోండి. ఒక గడ్డలో ప్రతి 10 లక్షల అక్షరాలకీ 4 మ్యుటేషన్లు ఉన్నాయనుకుందాం. రిపోర్టులో టీఎంబీ 4 అని ఉంటుంది.

300–500 జన్యువుల ప్యానెల్ చదివేది సుమారు 15 లక్షల అక్షరాలు. అంటే దొరికేవి 6 మ్యుటేషన్లు. ఎక్సోమ్ అంటే ప్రోటీన్ తయారుచేసే భాగాలన్నీ, సుమారు 3 కోట్ల అక్షరాలు. దొరికేవి 120. మొత్తం జీనోమ్ 300 కోట్లు చదివితే 12,000.

ఆరు మ్యుటేషన్లు తీసుకెళ్లి 96 గళ్లలో ఏం సర్దుతాం? అయినా కొన్ని ప్యానెల్ రిపోర్టుల చివర్లో రంగురంగుల బార్లతో సిగ్నేచర్ బొమ్మ ఒకటి వేసి ఇస్తారు. టీఎంబీ చాలా ఎక్కువగా ఉన్న గడ్డల్లో తప్ప, ఆ బొమ్మని నమ్మి నిర్ణయాలు తీసుకోవద్దు. మొన్నొక కుర్రాడు ఇలాంటి పేజీయే పంపించి ఫోన్ చేశాడు.

‘మాస్టారూ, నాన్నకి పొగాకు సిగ్నేచర్ 40 శాతం అని వచ్చింది. ఆయన చుట్ట మానేసి చాలా ఏళ్లయింది. ఇదెలా?’

‘మొత్తం ఎన్ని మ్యుటేషన్లు దొరికాయో చూడు నాయనా, అదే పేజీలో పైన ఉంటుంది.’

‘అయిదు అని ఉంది సార్.’

అయిదింటిలో 40 శాతమంటే రెండు. రెండు మ్యుటేషన్లు చూసి ఆయన పాత అలవాటు గురించి చెప్పడానికి ఏమీ లేదు. పైగా పొగ మానేసినా పాత మచ్చలు పోవు, ఉన్నవి ఉంటాయి. ఈ లెక్క ఆ రిపోర్టులోనే ఉంది, చిన్న అక్షరాల్లో.

ఒక్క జన్యువు పరీక్ష, రంగు పరీక్ష

అన్నిటికంటే చవక, త్వరగా వచ్చేవి ఇవే. నా ఓటు మొదట వీటికే. ఊపిరితిత్తుల్లో ఎడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ అని తేలితే ఈజీఎఫ్‌ఆర్ జన్యువు చూస్తారు. మన దేశంలో ఈ రకం రోగుల్లో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి అందులో మార్పు ఉంటుంది. ఉంటే కీమో బదులు రోజూ మాత్ర వేసుకునే వైద్యం ఉంది. పెద్దపేగు క్యాన్సర్ పాకిపోయి ఉంటే కేరాస్, ఎన్‌రాస్, బీరాఫ్. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాకి బీసీఆర్-ఏబీఎల్.

ఊపిరితిత్తుల విషయంలో ఒక చిక్కుంది. ఈజీఎఫ్‌ఆర్ లేకపోతే ఏఎల్‌కే, అదీ లేకపోతే ఆర్‌ఓఎస్1 అని ఒక్కొక్కటే చేయించుకుంటూ పోతే సూదితో తీసిన చిన్న ముక్క మధ్యలోనే అయిపోతుంది. మళ్లీ సూది పొడిపించుకోవాలి. అందుకే ఊపిరితిత్తులకి మాత్రం మొదటే ఒక మోస్తరు ప్యానెల్ చేయించడం, డబ్బు కుదిరితే, తెలివైన పని.

పెద్దపేగు, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్లలో రంగు పరీక్ష ఇంకా గొప్పది. అక్షర దోషాలు దిద్దే నాలుగు ప్రోటీన్లు, అంటే ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, ఆ ముక్కలో ఉన్నాయా లేవా అని స్లైడుకి రంగు వేసి చూస్తారు. ఏదైనా కనపడకపోతే ఆ గడ్డలో దిద్దుబాటు జరగడం లేదన్నమాట. వేల మ్యుటేషన్లు ఒక ప్రత్యేకమైన తీరులో పేరుకుంటాయి. లక్ష రూపాయల పరీక్ష చెప్పే ఆ సంగతినే పాథాలజీ ల్యాబు రంగు వేసి చెప్పేస్తుంది. వైద్యం మారే రెండు సందర్భాల్లో ఇది ఒకటి: ఇలాంటి గడ్డలకి, అవయవం ఏదైనా, పెంబ్రోలిజుమాబ్ ఇవ్వవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో అనుమతించింది. ఎంఎల్‌హెచ్1 కనబడకపోతే అది వంశపారంపర్యమా కాదా తేల్చడానికి ఇంకో మెట్టు ఉంటుంది, దాన్ని వదిలేయొద్దు.

ఆ మందు ఖరీదు మాత్రం టెస్టుకి ముందే అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కౌంటర్‌లో కూడా అడగండి, టెస్టుకి వేరుగా, మందుకి వేరుగా. పాజిటివ్ వచ్చాక ఆ మందు కొనలేమని తెలియడం కంటే నరకం లేదు.

పెద్ద ప్యానెల్

అమెరికాలో 2017లో అనుమతి వచ్చిన ఒక ప్రసిద్ధ ప్యానెల్‌లో 324 జన్యువులున్నాయి. మన దేశపు ల్యాబులూ ఇంచుమించు అలాంటివే ఇస్తున్నాయి. ముదిరిన దశలో, మామూలు మందులు అయిపోయి, డాక్టరు కొత్త దారి వెతుకుతున్నప్పుడు ఇది పనికొస్తుంది. ఊపిరితిత్తుల సంగతి పైన చెప్పాను. తొలిదశ గడ్డ ఆపరేషన్‌తో తీసేశారు, అంచులు శుభ్రంగా వచ్చాయి అన్నప్పుడు చాలామందికి ఇది దండగ.

వైద్యం మారే రెండో సందర్భం అండాశయ క్యాన్సర్. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువులు డీఎన్‌ఏ తెగిన చోట సరిగ్గా అతికే పని చేస్తాయి. అవి చెడితే గడ్డ అడ్డదిడ్డంగా అతుక్కుంటూ బతుకుతుంది. పార్ప్ నిరోధకాలు అనే మాత్రలు ఆ ఆధారాన్నీ తీసేస్తాయి. వాటిలో మొదటిదైన ఒలాపరిబ్‌కి 2014లో అనుమతి వచ్చింది. బీఆర్‌సీఏ బాగానే ఉన్నా అతికే పని మరో కారణంతో చెడిన గడ్డలూ ఉన్నాయి. వాటిని పట్టుకోవడానికే హెచ్‌ఆర్‌డీ పరీక్ష. ఇది ఒక్కొక్క అక్షరాన్ని కాకుండా క్రోమోజోముల్లో పెద్దపెద్ద ముక్కలు పోవడం, తారుమారవడం లెక్కపెడుతుంది. బాగా వాడుకలో ఉన్న ఒక పరీక్షలో స్కోరు 42 లేదా ఆపైన ఉంటే పాజిటివ్.

ఈ స్కోరు చెప్పేది గతం అన్న సంగతి ఏ ఏజెంటూ చెప్పడు. మందు వాడాక కొన్ని గడ్డలు తమ బీఆర్‌సీఏ జన్యువుని మళ్లీ సరిచేసుకుంటాయి. పాత మచ్చలు అలాగే ఉంటాయి కాబట్టి స్కోరు పాజిటివ్ గానే చూపిస్తుంది, మందు మాత్రం పనిచేయదు. రెండేళ్ల కిందటి ముక్క మీద స్కోరు చూసి ఇప్పుడు మాత్రలు మొదలుపెడుతున్నారంటే ‘మధ్యలో ఏం మందులు వాడాం?’ అన్న ప్రశ్న డాక్టరు గారిని మీరే అడగండి.

ఇంటివాళ్లకోసం చేసే రక్తపరీక్ష

రక్తంతోనో లాలాజలంతోనో చేసే ఈ పరీక్ష వేరే జాతిది. గడ్డలో పుట్టిన మార్పులని కాదు, తల్లిదండ్రుల నుంచి వచ్చినవాటిని చూస్తుంది. అండాశయ క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లందరికీ ఇది చేయించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. చెడిన బీఆర్‌సీఏ ఉన్న తల్లి లేదా తండ్రి నుంచి ఒక్కొక్క బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. తండ్రి వైపు నుంచీ వస్తుంది. మేనత్తలకి వచ్చిన రొమ్ము క్యాన్సర్ గురించి చెప్పకుండా దాటేసే కుటుంబాలు ఇది గమనించాలి.

మన వైపు మేనరికాలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఒక మాట. భార్యాభర్తలిద్దరికీ చెడిన బీఆర్‌సీఏ2 ఉంటే బిడ్డకి ఫాంకోని ఎనీమియా అనే తీవ్రమైన జబ్బు రావచ్చు. సంబంధాలు చెడతాయని రిపోర్టు బీరువాలో దాచేవాళ్లని చూశాను. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. అయినా ఆ కాగితం అక్కచెల్లెళ్ల చేతికి వెళ్లకపోతే దానికి పెట్టిన డబ్బులో సగం వృథా.

రిపోర్టులో ‘ప్రాముఖ్యం తెలియని మార్పు’ అని వస్తే కంగారుపడి ఆపరేషన్లకి పరిగెత్తకండి. ప్రపంచపు డేటాబేసుల్లో మనవాళ్ల డీఎన్‌ఏ తక్కువగా ఉండడం వల్ల ఈ మాట మనకి తరచుగా వస్తుంది.

ఎక్సోమ్, మొత్తం జీనోమ్

రోగి జేబు లోంచి పెట్టే డబ్బుతో వీటిని నేను సిఫారసు చేయను. పరిశోధన కింద ఉచితంగా చేస్తామంటే సరే అనండి. కారణం తెలియని పిల్లల క్యాన్సర్లు, ఎక్కడ మొదలైందో అంతుపట్టని క్యాన్సర్లు మినహాయింపు కావచ్చు. అది పెద్దాసుపత్రి వైద్య బృందం తేల్చాలి.

అలాగని వీటి విలువ చిన్నది కాదు. బాల్కన్ దేశాల్లో డాన్యూబ్ ఉపనదుల పక్క పల్లెల్లో తరతరాలుగా కిడ్నీలు పాడయ్యేవి, మూత్రనాళాల్లో క్యాన్సర్లు వచ్చేవి. ఆ గడ్డల్లో టి ఉన్నచోట ఎ వచ్చే అరుదైన తీరు కనబడింది. గోధుమ చేలల్లో కలుపుగా పెరిగే ఒక మొక్క గింజల్లోని అరిస్టోలోకిక్ ఆమ్లం చేసే పని అది. ఉద్దానం ఎరిగిన ఎవరికైనా ఇది చదవగానే ప్రాణం లేచొస్తుంది. ఉద్దానంది కిడ్నీ జబ్బే, క్యాన్సర్ సమస్య కాదు, కారణం ఇప్పటికీ తేలలేదు, బాల్కన్ జవాబుని తెచ్చి ఉద్దానానికి అతికించడం తప్పు. కానీ ఊరి మొత్తానికి సంబంధించిన ప్రశ్నని డీఎన్‌ఏలో వెతకొచ్చని బాల్కన్‌లో రుజువైంది. ఆ వెతుకులాట ఖర్చు మాత్రం రోగి బిల్లులో పడకూడదు.

అడ్డపొగ, అంగిలి క్యాన్సర్: ఏ టెస్టూ వద్దనే సందర్భం

శ్రీకాకుళం జిల్లాలో చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటు (అడ్డపొగ) మీద 1971లోనే ఒక అంతర్జాతీయ పత్రికలో అధ్యయనం అచ్చయింది. 10,169 మంది గ్రామస్థుల అంగిలి పరీక్షించారు. మన అవ్వల్లో ఎందరికో ఉన్న అలవాటు ఇది. అంగిలిలో పుండు, తెల్ల మచ్చ అని వస్తే ముక్క తీసి చూడడం ఒక్కటే ముఖ్యం. క్యాన్సరని తేలితే మొదటి వైద్యం ఆపరేషన్, రేడియేషన్. ఏ జన్యు ప్యానెలూ ఆ నిర్ణయాన్ని మార్చదు.

పొగాకు తీరు చూపించి భయపెట్టి మాన్పించవచ్చు కదా అని అడిగినవాళ్లున్నారు. రోజుకో ప్యాకెట్ సిగరెట్లు ఏడాదిపాటు తాగితే ఊపిరితిత్తుల ఒక్కొక్క కణంలో సగటున 150 మ్యుటేషన్లు, స్వరపేటికలో 97, నోటిలో 23 చేరతాయని 2016లో లెక్కగట్టారు. అది సిగరెట్ లెక్క, నిప్పు లోపల పెట్టుకునే చుట్టది కాదు. నోటి గడ్డల్లో ఆ తీరు అంత స్పష్టంగా కనిపించదు కూడా. రిపోర్టులో పొగాకు పేరు రాలేదని అవ్వ మళ్లీ చుట్ట ముట్టించే ప్రమాదమే ఎక్కువ.

లిక్విడ్ బయాప్సీ

ముక్క తీయడం కష్టమైనప్పుడు, లేదా ఈజీఎఫ్‌ఆర్ మాత్ర పనిచేయడం మానేసినప్పుడు రక్తంలో తేలే గడ్డ డీఎన్‌ఏని పట్టుకునే పరీక్ష ఇది. పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగెటివ్ వస్తే లేదని కాదు. వయసు మళ్లినవాళ్లలో తెల్లకణాల సొంత మ్యుటేషన్లు కూడా ఇందులో కలిసిపోతాయి. తీరు చదవడానికి ఇది అక్కరకు రాదు.

ఇక్కడ మన దూరం అడ్డొస్తుంది. మామూలు ట్యూబులో తీసిన రక్తం నుంచి కొన్ని గంటల్లోనే ప్లాస్మా వేరుచేయాలి. పలాసలో పొద్దున తీసి, సాయంత్రం కొరియర్‌కి ఇస్తే అది పనికిరాదు. కణాలు పగలకుండా కాపాడే ప్రత్యేక ట్యూబు తెచ్చారా అని రక్తం తీసేముందే అడగండి. లేదంటే విశాఖ వెళ్లినప్పుడే ఇవ్వండి.

టెస్టు కంటే ముక్క ముఖ్యం

ఎంత ఖరీదైన టెస్టయినా బ్లాకు, అంటే ముక్కని మైనంలో పోసి ఉంచే దిమ్మ, బాగుంటేనే పనిచేస్తుంది. తీసిన ముక్క వెంటనే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో పడాలి, అందులో 6 నుంచి 72 గంటలే ఉండాలి. మాకు తెలిసినావిడకి ఒక చిన్న నర్సింగ్ హోంలో శనివారం ఆపరేషన్ చేసి ముక్కని సెలైన్‌లో పెట్టి ఉంచారు. మంగళవారం ల్యాబుకి చేరేసరికి డీఎన్‌ఏ పాడైపోయింది. ఫార్మలిన్‌లో మరీ ఎక్కువ నానినా చిక్కే: సి అక్షరాలు టి-లుగా కనిపిస్తాయి, లేని మ్యుటేషన్లు రిపోర్టులోకి ఎక్కుతాయి. ఎముక ముక్క అయితే, దాన్ని మెత్తబరచడానికి గాఢమైన ఆమ్లం వాడారా అని అడగాలి. వాడి ఉంటే వేరే చోటి ముక్క వెతుక్కోవడం మేలు.

ల్యాబులు సాధారణంగా ముక్కలో కనీసం 20 శాతం క్యాన్సర్ కణాలు ఉండాలంటాయి. పంపేముందు పాథాలజిస్టు చేత స్లైడు చూపించి, ఎక్కువ కణాలున్న బ్లాకు ఏదో గుర్తు పెట్టించండి. బ్లాకులు ఆసుపత్రి నుంచి సంతకం పెట్టి తీసుకోవచ్చు. మే నెలలో వాటిని కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం మెత్తబడుతుంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గానీ, మరో పెద్దాసుపత్రికి గానీ వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి, బ్లాకులూ స్లైడ్లూ కూడా తీసుకెళ్లండి. బయటి ల్యాబుకి పంపినప్పుడు మిగిలిన బ్లాకు వెనక్కి ఇస్తామని రాయించుకోండి. పీడీఎఫ్‌తో పాటు ముడి డేటా ఫైళ్లు కూడా ఇస్తారా అని డబ్బు కట్టకముందే అడగండి. కట్టాక అడిగితే కౌంటర్‌లో అమ్మాయి మేనేజర్ నంబరిస్తుంది, ఆయన ఫోన్ ఎత్తడు.